కన్ను కదిలితే పుట్టే మైక్రోవోల్టులు: ఈఓజీ యాంప్లిఫయర్‌ను మొదటి నుంచీ కట్టుకోవడం

మా పెదనాన్నకు మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చింది. చివరి ఏడాది చేతులూ పోయాయి, మాటా పోయింది. కళ్లు మాత్రం చివరిదాకా చురుగ్గానే కదిలేవి. ఆ జబ్బులో చాలామందికి ఇలాగే ఉంటుంది. కంటి కండరాలను అది దాదాపుగా ముట్టుకోదు. ఆయన కుడివైపు చూస్తే "అవును", ఎడమవైపు చూస్తే "కాదు" అని ఇంట్లో అందరం అర్థం చేసుకునేవాళ్లం. రాత్రిపూట మాత్రం ఆయన పక్కన ఎవరో ఒకరు మేలుకుని ఆ కళ్లనే చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. ఆ కాపలా పని ఒక చిన్న సర్క్యూట్‌తో చేయించలేమా అన్న ఆలోచన నాకు అక్కడే మొదలైంది.

ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదివే పిల్లలు ఇదే ప్రాజెక్టు పెట్టుకుని ఎక్కడ ఆగిపోతారో దగ్గరుండి చూశాను కాబట్టి, వరస తప్పకుండా రాస్తున్నాను. బ్రెడ్‌బోర్డ్ మీద ఎల్ఈడీ వెలిగించి, ఆప్‌యాంప్ అంటే ఏమిటో కొంచెం తెలిసినవాళ్లు ఒక సెలవు రోజులో దీన్ని పూర్తి చేయవచ్చు.

ముందు: మనం పట్టుకోబోయేది ఏమిటి

కన్ను ఒక చిన్న బ్యాటరీ లాంటిది. ముందున్న కార్నియా ప్లస్, వెనకున్న రెటీనా మైనస్. 1849లో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ డ్యూబ్వా రేమండ్ చేప కంటిలో దీన్ని కనిపెట్టారు. మనిషి కంట్లో ఈ వోల్టేజీ సుమారు 0.4 నుంచి 1 మిల్లీవోల్టు దాకా ఉంటుంది. రెటీనా వెనకుండే పిగ్మెంట్ ఎపిథీలియం అనే పొర దీనికి మూలం. కన్ను కుడికి తిరిగితే ప్లస్ కొస కుడి కణత వైపు జరుగుతుంది. రెండు కణతల మీద ఎలక్ట్రోడ్లు అంటిస్తే ఆ తేడా మనకు దొరుకుతుంది. దీన్నే ఎలక్ట్రో ఆక్యులోగ్రఫీ, పొట్టిగా ఈఓజీ అంటారు.

చర్మం మీదికి వచ్చేసరికి మిగిలేది ఒక్కో డిగ్రీ చూపుకు సుమారు 15 నుంచి 20 మైక్రోవోల్టులు. లెక్కలకు 16 అనుకుందాం. చూపు 30 డిగ్రీలు తిరిగితే 480 మైక్రోవోల్టులు, అంటే అర మిల్లీవోల్టు కూడా కాదు. ఈ సిగ్నల్ నెమ్మదైనది. మనకు పనికొచ్చేదంతా దాదాపు సున్నా నుంచి 30 హెర్ట్జ్ లోపలే ఉంటుంది.

దీనికి ఇద్దరు శత్రువులు. ఒకటి, గోడల్లోని వైర్ల నుంచి ఒంటి మీదికి ఎక్కే 50 హెర్ట్జ్ హమ్. ఇది సిగ్నల్ కంటే వందల రెట్లు పెద్దగా ఉండవచ్చు. రెండోది ఎలక్ట్రోడ్ ఆఫ్‌సెట్. జెల్, లోహం, చర్మం కలిసే ప్రతి చోటా ఒక డీసీ వోల్టేజీ పుడుతుంది. రెండు ఎలక్ట్రోడ్ల దగ్గర అది సమానంగా ఉండదు. ఆ తేడా పదుల మిల్లీవోల్టులు ఉండటం మామూలే. ఈసీజీ యంత్రాలు తయారు చేసేవాళ్లు 300 మిల్లీవోల్టుల దాకా వస్తుందనుకునే డిజైన్ చేస్తారు. ఈ గైడ్‌లో ప్రతి మెట్టూ ఈ ఇద్దరిలో ఒకరిని అడ్డుకోవడానికే.

ప్రాణానికి సంబంధించిన మాట

మొహానికి వైర్లు అంటిస్తున్నాం. ఈ సర్క్యూట్‌కు బ్యాటరీలు తప్ప ఇంకేదీ పెట్టకండి. అడాప్టర్ వద్దు, ఫోన్ చార్జర్ వద్దు, ల్యాబ్ పవర్ సప్లై వద్దు. ఆర్డుయినోను ల్యాప్‌టాప్‌కు కలిపితే ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి ఉండాలి. కరెంటుతో నడిచే ప్రింటరు, మానిటరు దానికి తగిలించి ఉండకూడదు. ఎలక్ట్రోడ్లు మనిషి మీద ఉన్నంతసేపూ ప్లగ్గులో పెట్టిన ఆసిలోస్కోప్ ప్రోబ్ కూడా సర్క్యూట్‌కు తాకకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల మీద అసలు వాడకండి. ఇది నేర్చుకోవడానికి కట్టుకునే సర్క్యూట్. వైద్య పరికరం కాదు. ఒకరి ప్రాణం దీని మీదే ఆధారపడేలా ఎప్పుడూ పెట్టకండి.

మెట్టు 1: సామాను

ఏడీ620 ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ ఒకటి, టీఎల్072 ఆప్‌యాంప్ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీలు రెండు, ఆర్డుయినో ఊనో ఒకటి. రెసిస్టర్లు 1% మెటల్ ఫిల్మ్‌వి తీసుకోండి (కే అంటే కిలో ఓమ్): 100కే రెండు, 47కే ఒకటి, 33కే రెండు, 10కే మూడు, 2.2కే ఒకటి, 1కే రెండు, 3.3 మెగా ఓమ్ ఒకటి, 100కే ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) ఒకటి, మెట్టు 6లోని పరీక్షకు 470కే ఒకటి, 100 ఓమ్ ఒకటి. కెపాసిటర్లలో 1 మైక్రోఫారాడ్ ఫిల్మ్‌ది ఒకటి, 220 నానో ఒకటి, 100 నానోవి ఐదు. వీటితోపాటు ఒక పుష్ బటన్, 1ఎన్4148 డయోడ్లు రెండు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మిగతా ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఏడీ620 విషయంలో మాత్రం మరీ చౌకగా వచ్చేదాన్ని నమ్మకండి. నకిలీలు చాలా తిరుగుతున్నాయి.

ఎలక్ట్రోడ్లు మెడికల్ షాపులో అడగండి. ఈసీజీకి వాడే, జెల్ ఉండి వెనక ప్రెస్ బటన్ ఉన్న, ఒకసారి వాడి పారేసే పట్టీలు కావాలి. పిల్లల సైజు దొరికితే మరీ మంచిది, కంటి పక్కన చక్కగా కూర్చుంటుంది. వాటిలో ఉండే వెండి–సిల్వర్ క్లోరైడ్ పూత వల్ల ఆఫ్‌సెట్ నిలకడగా ఉంటుంది. రాగి రేకులు, నాణేలు పెట్టి ప్రయత్నించిన వాళ్లను చూశాను. తెర మీద సిగ్నల్ గీత ఒక్క క్షణం కూడా నిలబడలేదు.

మెట్టు 2: మొదటి యాంప్లిఫయర్ (అందరూ తప్పేది ఇక్కడే)

సిగ్నల్ చాలా చిన్నది కదా, మొదట్లోనే గట్టిగా పెంచేద్దాం అనిపిస్తుంది. ఒకసారి ముగ్గురు పిల్లలు అలాగే కట్టుకుని వచ్చారు. ఏడీ620లో గెయిన్‌ను, అంటే సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో దాన్ని, నిర్ణయించే రెసిస్టర్‌గా (ఆర్‌జీ) 100 ఓమ్ పెట్టారు. దాని లెక్క ఇది: గెయిన్ = 1 + (49.4కే ÷ ఆర్‌జీ). అంటే 495. ఐసీ పాడైపోయిందని రెండుసార్లు మార్చారు కూడా. కన్ను ఎటు తిప్పినా మీటరు 7.6 వోల్టుల దగ్గరే కదలకుండా నిలబడింది. సర్క్యూట్‌ను పక్కన పెట్టి, మొహం మీదున్న రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మల్టీమీటరు పెట్టమన్నాను. 42 మిల్లీవోల్టులు చూపించింది. 42ను 495తో హెచ్చిస్తే దాదాపు 21 వోల్టులు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఐసీ 21 వోల్టులు ఎక్కడినుంచి తెస్తుంది? పైకప్పుకు తగులుకుని ఆగిపోయింది. కంటి సిగ్నల్ ఆ పైకప్పు అవతల ఎక్కడో ఉండిపోయింది. ఐసీ తప్పేమీ లేదు.

కాబట్టి మొదటి దశలో గెయిన్ తక్కువే ఉండాలి. ఆర్‌జీ 2.2కే పెడితే 23.5 వస్తుంది. 42 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ 1 వోల్టు దగ్గర ఆగుతుంది. 300 మిల్లీవోల్టులు వచ్చినా 7 వోల్టులే. సిగ్నల్‌కు ఇంకా ఊపిరి ఆడుతుంది.

కట్టే పద్ధతి: ఏడీ620లో 1, 8 పిన్నుల మధ్య 2.2కే. పిన్ను 7కు ప్లస్ 9, పిన్ను 4కు మైనస్ 9. పిన్ను 5 నేరుగా గ్రౌండ్‌కు, మధ్యలో రెసిస్టర్ పెట్టకూడదు. పిన్ను 3కు కుడి కణత ఎలక్ట్రోడ్, పిన్ను 2కు ఎడమ కణత ఎలక్ట్రోడ్, ఒక్కోదానికి వరసలో 100కే. సర్క్యూట్‌లో ఏదైనా తేడా వచ్చినా ఈ 100కేలే ఒంట్లోకి వెళ్లే కరెంటును 0.1 మిల్లీఆంపు లోపల ఆపుతాయి. వీటిని ఎప్పుడూ తీసేయకండి. మూడో ఎలక్ట్రోడ్ నుదుటి మీద, 10కే ద్వారా గ్రౌండ్‌కు. రెండు బ్యాటరీలూ కలిసే మధ్య బిందువే మన గ్రౌండ్. సప్లై పిన్నులకు ఆనించి తలా ఒక 100 నానో కెపాసిటర్ గ్రౌండ్‌కు పెట్టండి. టీఎల్072 సప్లై పిన్నులకు కూడా ఇలాగే.

హమ్‌ను అసలు కొట్టేది ఈ దశే. 50 హెర్ట్జ్ రెండు కణతల మీదా ఒకేలా ఉంటుంది. ఏడీ620 తేడాను మాత్రమే పెంచుతుంది. గెయిన్ 10 దగ్గరే, రెండింటిలో ఉమ్మడిగా ఉన్నదాన్ని కనీసం లక్ష రెట్లు తక్కువగా చూపిస్తుంది. అయితే రెండు ఎలక్ట్రోడ్లూ చర్మానికి సమానంగా అంటుకున్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. ఒకటి బాగా అంటుకుని ఇంకోటి ఊడిపోతూ ఉంటే, ఉమ్మడి హమ్ కూడా "తేడా"గా మారి లోపలికి వచ్చేస్తుంది. అందుకే హమ్ వస్తోందని ఎవరైనా చెబితే నేను ముందు ఫిల్టర్ గురించి అడగను, మొహం కడుక్కున్నారా అని అడుగుతాను.

మెట్టు 3: డీసీని వదిలించుకోవడం

ఏడీ620 అవుట్‌పుట్ (పిన్ను 6) నుంచి 1 మైక్రోఫారాడ్ ఫిల్మ్ కెపాసిటర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 3.3 మెగా ఓమ్. ఇది హైపాస్ ఫిల్టర్, అంటే కటాఫ్ కంటే నెమ్మదైన మార్పులను ఆపి మిగతావాటిని పోనిచ్చేది. కటాఫ్ సుమారు 0.05 హెర్ట్జ్, టైమ్ కాన్‌స్టంట్ 3.3 సెకన్లు. ఇక్కడ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ వాడకండి. దాని లీకేజీ, 3.3 మెగా ఓమ్ కలిసి కొత్త ఆఫ్‌సెట్ తయారు చేస్తాయి.

ఈ ఫిల్టర్‌కు మనం కట్టే వెల ఒకటి ఉంది. కుడివైపు చూసి అలాగే ఉండిపోతే, గీత పైకి లేచి మెల్లగా సున్నాకు జారిపోతుంది. సెకను తర్వాత 74 శాతం మిగులుతుంది, 3.3 సెకన్లకు 37 శాతం. కన్ను అక్కడే ఉంది, సిగ్నల్ మాత్రం లేదు. 3.3 మెగాకు బదులు 1 మెగా పెడితే ఇంకా త్వరగా, సెకనుకే 37 శాతానికి పడిపోతుంది. అలాగని రెసిస్టర్‌ను మరీ పెంచితే చెమట వల్ల, ఆరిపోతున్న జెల్ వల్ల వచ్చే నెమ్మది జారుడంతా లోపలికి వస్తుంది. ఎక్కడ చూస్తున్నారో గంటలకొద్దీ కొలవాలంటే డీసీ దాకా కొలిచే 24 బిట్ల ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్) వేరే కావాలి. "కుడికి చూశారా, ఎడమకు చూశారా" తెలిస్తే చాలనుకునే మన పనికి 0.05 సరిపోతుంది.

ఇంకో ఇబ్బంది. ఎలక్ట్రోడ్‌కు చెయ్యి తగిలితే గీత ఒక్కసారిగా పైకప్పుకు వెళ్లి, తిరిగి రావడానికి పదిహేను సెకన్లకు పైగా పడుతుంది. 3.3 మెగాకు అడ్డంగా, 1కే వరసలో పెట్టి ఒక పుష్ బటన్ కట్టండి. నొక్కితే కెపాసిటర్ వెంటనే సర్దుకుంటుంది. ఈ చిన్న బటన్ లేనందుకు చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు.

మెట్టు 4: అసలు గెయిన్

డీసీ పోయింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా పెంచవచ్చు. టీఎల్072లో మొదటి సగం: కెపాసిటర్, 3.3 మెగా కలిసే చోటు నుంచి పిన్ను 3కు. పిన్ను 2 నుంచి గ్రౌండ్‌కు 1కే. పిన్ను 1 నుంచి పిన్ను 2కు 47కే, దానికి వరసలో 100కే ప్రీసెట్. గెయిన్ 48 నుంచి 148 దాకా తిప్పుకోవచ్చు. సప్లై పిన్ను 8కి ప్లస్, పిన్ను 4కు మైనస్.

ఇక్కడ టీఎల్072నే ఎందుకు అంటే, దాని ఇన్‌పుట్ జేఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్. 3.3 మెగా మీద దాదాపు కరెంటు లాగదు. 741 లాంటి పాత ఆప్‌యాంప్ పెడితే దాని బయాస్ కరెంటే (ఇన్‌పుట్ లాగే చిన్న కరెంటు) ఆ రెసిస్టర్ మీద వందల మిల్లీవోల్టులు పుట్టించగలదు. మళ్లీ పైకప్పు కథే.

మెట్టు 5: పైనున్న గోలను కోసేయడం

టీఎల్072 రెండో సగంతో సాలెన్–కీ అనే పద్ధతిలో లోపాస్ ఫిల్టర్, అంటే కటాఫ్‌కు పైనున్న ఫ్రీక్వెన్సీలను ఆపేది, కడదాం. పిన్ను 1 నుంచి వరసగా రెండు 33కేలు, రెండోదాని కొస పిన్ను 5కు. పిన్ను 5 నుంచి గ్రౌండ్‌కు 100 నానో. రెండు 33కేల మధ్య నుంచి అవుట్‌పుట్‌కు, అంటే పిన్ను 7కు, 220 నానో. పిన్ను 6, 7 కలిపేయాలి. కటాఫ్ సుమారు 32 హెర్ట్జ్ వస్తుంది. కన్ను గెంతే వేగాన్ని ఇది పెద్దగా మొద్దుబార్చదు. 20 డిగ్రీల గెంతుకు కంటికి 60, 70 మిల్లీసెకన్లు పడుతుంది.

ఈ ఫిల్టర్ 50 హెర్ట్జ్‌ను చంపుతుందని మాత్రం ఆశపడకండి. నూటికి 40 వంతులు దాటనిస్తుంది. ట్యూబ్‌లైటు చోకు, ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు లాంటివి చల్లే పై ఫ్రీక్వెన్సీల గోలను అది ఆపుతుంది. మిగిలిన 50 సంగతి కోడ్‌లో చూద్దాం.

మెట్టు 6: మొహం మీద పెట్టేముందు నకిలీ కన్ను

ఈ మెట్టు దాటేయకండి. ఒక పెన్సిల్ బ్యాటరీ (1.5 వోల్టులు), వరసలో 470కే, 100 ఓమ్. 100 ఓమ్ మీద 0.32 మిల్లీవోల్టులు వస్తాయి. చూపు 20 డిగ్రీలు తిరిగినట్టే లెక్క. 100 ఓమ్ కింది కొసను గ్రౌండ్‌కు, ఎడమ ఇన్‌పుట్‌కు కలపండి. పై కొసను కుడి ఇన్‌పుట్‌కు. ప్రీసెట్ తక్కువ వైపు ఉంచి బ్యాటరీని తగిలించగానే పిన్ను 7 దగ్గర సుమారు 0.36 వోల్టుల గెంతు, తర్వాత మెల్లగా జారుడు కనబడాలి. తీసేస్తే కిందికి అంతే గెంతు. ఇది కనబడితే సర్క్యూట్ బాగున్నట్టే. ఇక తర్వాత వచ్చే తేడాలన్నీ చర్మం దగ్గరివే అని నిశ్చింతగా ఉండవచ్చు.

మెట్టు 7: ఆర్డుయినోకు అందించడం

ఆర్డుయినో 0 నుంచి 5 వోల్టులే చదువుతుంది. మన సిగ్నల్ సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది. పిన్ను 7 నుంచి 10కే ద్వారా ఏ0కు, ఏ0 నుంచి ఆర్డుయినో 5 వోల్టులకు ఇంకో 10కే. సిగ్నల్ సగమై 2.5 వోల్టుల చుట్టూ తిరుగుతుంది. ఏ0 నుంచి 5 వోల్టులకు ఒకటి, గ్రౌండ్ నుంచి ఏ0కు ఒకటి డయోడ్లు పెట్టండి, పైకప్పుకు తగిలినప్పుడు ఆర్డుయినోకు కాపలా. రెండు గ్రౌండ్లూ కలపడం మరచిపోవద్దు.

ప్రీసెట్ పూర్తిగా పెంచితే ఒక డిగ్రీకి ఏ0 దగ్గర సుమారు 28 మిల్లీవోల్టులు, అంటే ఆర్డుయినో లెక్కలో ఐదారు అంకెలు. ఇది చాలు.

కోడ్‌లో సరిగ్గా 4,000 మైక్రోసెకన్లకు ఒకసారి చదవండి, అంటే సెకనుకు 250 శాంపిళ్లు. delay పెట్టకుండా micros లెక్కతో చేయండి. ప్రతిసారీ చివరి ఐదు శాంపిళ్లను కూడండి. 50 హెర్ట్జ్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది 20 మిల్లీసెకన్లు, ఐదు శాంపిళ్లదీ అంతే. ఆ చుట్టులో పైకి ఎంత పోయిందో కిందికీ అంతే, కూడితే సున్నా. ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రమే కోసే నాచ్ ఫిల్టర్ ఐసీలు, లెక్కలు ఏవీ లేకుండా ఒక్క కూడికతో 50 పోతుంది, దాని రెట్టింపు 100 కూడా పోతుంది. గీత ఒక్కసారిగా నున్నబడటం చూస్తే మనసు నిండిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. సెకనుకు 240 శాంపిళ్లు తీసి నాలుగు కూడుకోవాలి.

మెట్టు 8: చర్మం

సబ్బుతో మొహం కడుక్కుని మెత్తని గుడ్డతో తుడుచుకోవాలి. కొబ్బరినూనె, పౌడరు, క్రీము, కాటుక ఏమీ ఉండకూడదు. స్పిరిట్ కంటి దగ్గర వాడొద్దని నా సలహా, ఒక్క చుక్క లోపలికి పోయినా చాలా మంట. బయటి కంటికొసకు సుమారు ఒక సెంటీమీటరు అవతల, కణత వైపు పట్టీలు అంటించండి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. అంటించాక ఐదు నిమిషాలు ఆగండి, జెల్ చర్మంలోకి ఇంకి ఆఫ్‌సెట్ నిలకడకు వస్తుంది. మూడు వైర్లనూ జడలా అల్లి, చెవి వెనక టేపుతో అంటిస్తే తల కదిలినప్పుడు గీత ఊగదు. పళ్లు బిగిస్తే, మాట్లాడితే దవడ కండరాల సిగ్నల్ వస్తుంది. మొదటి పరీక్షలో నోరు వదులుగా ఉంచమనండి.

ఇంత చేసినా హమ్ ఎక్కువగా ఉంటే నుదుటి ఎలక్ట్రోడ్‌ను ఉత్త గ్రౌండ్‌కు బదులు "డ్రైవెన్ రైట్ లెగ్"తో నడపవచ్చు. 2.2కే స్థానంలో రెండు 1.1కేలు వరసగా పెట్టి, వాటి మధ్య వోల్టేజీని ఒక బఫర్‌తో తీసుకుని, 10కే, 390కేలతో 39 రెట్లు తలకిందులు చేసి, 330కే ద్వారా నుదుటికి పంపాలి. సర్క్యూట్ ఊగిపోకుండా 390కే మీద 1 నానో కెపాసిటర్. ఒంటి మీదున్న హమ్‌కు ఎదురు హమ్ ఇచ్చి అణచడం అన్నమాట. టీఎల్072 బదులు టీఎల్074 పెట్టుకుంటే నాలుగు ఆప్‌యాంపులూ ఒకే ఐసీలో వస్తాయి. ముందే ఇది కట్టకండి. చర్మం సరిగ్గా ఉంటే చాలాసార్లు దీని అవసరమే రాదు.

మెట్టు 9: కాలిబ్రేషన్, చూపును గుర్తుపట్టడం

గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెట్టండి. కళ్లకు ఎదురుగా ఒక చుక్క, దానికి అటూ ఇటూ 21.8 సెంటీమీటర్ల దూరంలో ఇంకో రెండు. అవి 20 డిగ్రీలు. తల కదపకుండా మధ్య, కుడి, మధ్య, ఎడమ అని రెండేసి సెకన్లకు చూపు మార్చమనండి. కుడికి చూస్తే గీత పైకి లేవాలి. కిందికి పోతే రెండు వైర్లు తారుమారు చేశారన్నమాట. గెంతు ఎత్తు పదిసార్లు కొలిచి మధ్య విలువ తీసుకోండి. దానిలో సగాన్ని గుర్తుపట్టే హద్దుగా పెట్టండి. కోడ్‌లో ఇప్పటి విలువలోంచి 20 శాంపిళ్ల కిందటి విలువ తీసేస్తే, ఆ తేడా హద్దు దాటినప్పుడు గెంతు జరిగినట్టు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కుడికి చూసి మళ్లీ మధ్యకు వస్తే, ఆ తిరుగు గెంతు అచ్చం ఎడమ చూపులాగే కిందికి వస్తుంది. హైపాస్ ఫిల్టర్ ఉన్నప్పుడు ఎత్తును బట్టి చూపు ఎక్కడుందో చెప్పలేం. కాబట్టి ప్రోగ్రాం "ప్రస్తుతం మధ్యలో", "ప్రస్తుతం కుడిలో", "ప్రస్తుతం ఎడమలో" అని తనే గుర్తుపెట్టుకోవాలి. కుడిలో ఉన్నప్పుడు కిందికి గెంతు వస్తే అది మధ్యకు రావడమే. ఎక్కడైనా ఒక గెంతు తప్పిపోతే లెక్క తారుమారవుతుంది. అందుకని ఐదు సెకన్లపాటు గెంతులేమీ లేకపోతే "మధ్యలో" అని మళ్లీ మొదలుపెట్టించండి.

నిన్నటి హద్దు ఈ రోజు పనిచేయదు. కంటి వోల్టేజీ వెలుతురును బట్టి మారుతుంది. చీకట్లో నిమిషాల మీద తగ్గుతుంది, వెలుతురులోకి వచ్చాక పెరుగుతుంది. కంటి ఆసుపత్రుల్లో రెటీనా పరీక్షగా ఈఓజీ తీసేది ఈ మార్పును కొలవడానికే. కాబట్టి ఎలక్ట్రోడ్లు మార్చినప్పుడల్లా, గదిలో లైటు మార్చి పావుగంట అయ్యాక, మళ్లీ పది గెంతులు కొలుచుకోవాలి.

రెప్పపాటు కుడి ఎడమలు కొలిచే ఈ అడ్డ ఛానెల్‌లో చిన్నగానే కనిపిస్తుంది. పైకీ కిందికీ చూడటం కూడా కావాలంటే ఒక కంటి కనుబొమ్మ పైన, రెప్ప కింద ఎలక్ట్రోడ్లు పెట్టి ఇదే సర్క్యూట్ ఇంకోటి కట్టాలి. అక్కడ రెప్పపాటు పెద్ద శిఖరంలా వచ్చి, సాధారణంగా అర సెకను లోపే దిగిపోతుంది. చూపు అయితే ఒక మెట్టులా లేచి నిలబడుతుంది. ఆ తేడాతోనే రెంటినీ విడదీయవచ్చు.

మామూలుగా మంచంలో పడుకున్నవాళ్లు కూడా అటూ ఇటూ చూస్తూనే ఉంటారు. ప్రతి చూపుకూ గంట మోగితే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నేను పెట్టుకున్న గుర్తు ఇది: మూడు సెకన్ల లోపల కుడి, మధ్య, కుడి, మధ్య. ఇది యాదృచ్ఛికంగా రావడం అరుదు, అలసిపోయిన మనిషికి చేయడం తేలిక. ఆ వరస కనబడగానే ఆర్డుయినో 8వ పిన్నుకు కట్టిన 5 వోల్టుల బజర్ రెండు సెకన్లు మోగాలి. బజర్‌కు బదులు రిలే పెట్టి 230 వోల్టుల కాలింగ్ బెల్లు కలపాలని అనిపిస్తుంది, అది మాత్రం వద్దు. బజర్ చప్పుడు పక్క గదికి చాలకపోతే బ్లూటూత్ మాడ్యూల్‌తో ఫోన్‌కు కబురు పంపండి. పవర్ బ్యాంకు మీద నడిచే ఆర్డుయినోకు గోడ ప్లగ్గుతో ఏ బంధమూ ఉండకూడదు.

నాలుగైదు గంటలకొకసారి పట్టీలు తీసి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో జెల్ తుడిచి, చర్మం ఎర్రబడిందేమో చూడండి. ఎర్రబడితే ఆ రాత్రికి మళ్లీ అంటించకండి.